హవాయి అని చెప్పిన వారం

మాది జూలై రెండో వారం. సౌత్ కరోలినా సముద్రం ఒడ్డున ఉన్న ఆ భవనంలో మూడో అంతస్తు మేం కొనుక్కున్న ఆ ఒక్క వారం ఏటా మా చేతికి వస్తుంది. మిగతా ఏడాదంతా అవే మంచాలు, అవే గిన్నెలు వేరేవాళ్ళవి. వాళ్ళెవరో మాకు తెలియదు. మా వారానికి వచ్చేవాళ్ళం మాత్రం ఒకరికొకరం బాగా తెలుసు. ఎవరికి మోకాలు ఆపరేషన్ అయిందో, ఎవరి కూతురు విడాకులు తీసుకుందో, పేకాటలో ఎవరు ముక్క దాస్తారో అన్నీ తెలుసు.

నా ఫ్లాటుకు ఎదురుగా అక్కాచెల్లెళ్ళవి రెండు ఫ్లాట్లు. అక్క గ్లెండా ప్రూయిట్ టెనెసీ మనిషి. నాక్స్‌విల్‌లో పెళ్ళిగౌన్లు కుట్టే దుకాణం నడిపేది. భర్తతో ఎప్పుడో తెగిపోయింది, పిల్లలు లేరు. చెల్లెలు మార్లా, ఆమె భర్త రస్ ఇండియానా నుంచి వచ్చేవాళ్ళు. ఉచితంగా ఫలహారం పెట్టి మధ్యాహ్నందాకా కదలనివ్వకుండా కూర్చోబెట్టే అమ్మకాలవాళ్ళుంటారే, అలాంటివాళ్ళ దగ్గర అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే పూట సంతకాలు పెట్టి పక్కపక్క ఫ్లాట్లలో ఆ వారం కొన్నారు. రెండింటికీ మధ్య ఒక తలుపుంది. వాళ్ళ వారంలో దానికి తాళం ఉండేది కాదు. మార్లా కొడుకు డారిన్ నిద్ర లేచేది తల్లి దగ్గర, తినేది పెద్దమ్మ దగ్గర. వాడికి ఈత నేర్పింది గ్లెండాయే, అరిచి అరిచి.

డారిన్ పెద్దవాడయ్యాక రావడం మానేశాడు. అలాస్కాలో చేపల పడవల మీద పనిచేస్తున్నాడని ఒక ఏడాది మార్లా చెప్పింది. ఆ మరుసటి జూలైలో మార్లా, రస్ కూడా రాలేదు.

గ్లెండా ఆ శనివారం మధ్యాహ్నం కారు దిగి, సామాను లోపల పెట్టి, మధ్య తలుపు తట్టింది. అటువైపు నుంచి ఎవరో ఫ్రెంచి యాసలో "ఎవరండీ?" అన్నారు. క్యూబెక్ నుంచి వచ్చిన కుటుంబం. తమ వారం ఇంకెక్కడో ఇచ్చి, మార్పిడి మీద ఇక్కడ దిగారు. గ్లెండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"లెనోర్, నా చెల్లెలి మంచం మీద ఎవరో పడుకున్నారు."

"మార్లా తన వారం మార్చుకున్నట్టుంది" అన్నాను.

"మార్చుకోవడమేంటి? నాతో ఒక్క మాట అనకుండానా? వంట సామాను సగం నేను, సగం అది తెస్తాం. ఇప్పుడు నా దగ్గర బాణలి ఉంది, నూనె లేదు."

అక్కడే నా బాల్కనీలో నిలబడి ఫోన్ చేసింది. మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"ఎక్కడున్నావే? ... హవాయా? హవాయి ఎందుకు? ... మార్పు కావాలంటే జుట్టుకి రంగేసుకో, నన్ను వదిలేసి పోతావా? ... సరే. సరే. ఎండలో మాడిపో."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "చాలా దూరం నుంచి మాట్లాడుతున్నట్టే లేదు దాని గొంతు" అంది. నేనప్పుడు పట్టించుకోలేదు.

క్యూబెక్ వాళ్ళు మంచి మనుషులు. వాళ్ళ ముసలమ్మ రొయ్యల కూర వండి తెచ్చి గ్లెండాకి ఇచ్చింది. గ్లెండా తిన్నది, గిన్నె కడిగి తిరిగిచ్చింది, ఆ వారమంతా మధ్య తలుపుకు కుర్చీ అడ్డం వేసుకుని కూర్చుంది.

మరుసటి ఏడాదీ మార్లా రాలేదు. ఈసారి న్యూజెర్సీ వాళ్ళు దిగారు, రెండు కుక్కపిల్లల్ని దొంగచాటుగా తెచ్చుకుని. గ్లెండా చెల్లెలికి ఫోన్ కూడా చెయ్యలేదు. ఎవరైనా అడిగితే, "మా చెల్లెలు గొప్పింటిదైపోయింది, మనతో ఏం పని?" అనేది. పేకాటలో మాత్రం చిరాకంతా నా మీద తీర్చుకునేది.

నా సంగతి కొంచెం చెప్పాలి. లెక్సింగ్టన్‌లో పళ్ళ డాక్టరు దగ్గర వచ్చేవాళ్ళ పేర్లు రాసుకునే బల్ల దగ్గర పనిచేసి మానేశాను. నా భర్త పోయాక ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేక వారాలు మార్చుకుంటూ ఊళ్ళు తిరగడం అలవాటైంది. మా అంతస్తులో ఎవరికి మార్పిడి కావాలన్నా నన్నే అడుగుతారు. అందులో పెద్ద మాయేమీ లేదు. మా కంపెనీకి ఇంకొన్ని చోట్ల రిసార్టులున్నాయి. ఆ కంపెనీలో వారాలున్నవాళ్ళు ముందు తమలో తాము మార్చుకోవచ్చు. అందులో దొరక్కపోతే మన వారాన్ని బయటి మార్పిడి కంపెనీలో జమ చేయాలి. అక్కడ మిగతా కంపెనీల వాళ్ళ వారాలన్నీ ఉంటాయి. నాది నీకు, నీది నాకు అని ఇద్దరు చేతులు కలుపుకునే బేరం కాదది. నా వారంలో ఎవరో దిగుతారు, నేను వేరెవరి వారంలోనో దిగుతాను. గిరాకీ ఉన్న వారాన్ని ముందుగా జమ చేసినవాళ్ళకు కోరింది దొరుకుతుంది. జూలైలో సముద్రమంటే అందరికీ కావాలి. అలాంటి వారం ఇచ్చి ఫిబ్రవరిలో ఏ కొండ ఊరో అడిగితే ఒకటికి రెండు మూడు వారాలు చేతికొస్తాయి.

సముద్రం ఒడ్డునే వేరే భవనంలో నా భర్త కొన్న జూన్ వారం ఒకటి నా దగ్గరుంది, ఆ ఫిబ్రవరిలో దాన్నిచ్చి నేను చేసిందీ అదే. మిస్సోరీలో ఓజార్క్ కొండల మధ్య ఒక చెరువు పక్కన మా కంపెనీకి పాత రిసార్టు ఒకటుంది. వేసవిలో పడవలవాళ్ళు వస్తారు. చలికాలంలో పిట్ట కనపడదు. నాకు బొంతలు కుట్టుకోవడానికి అలాంటి చోటే కావాలి.

రెండో రోజు బట్టలు ఉతుక్కోవడానికి యంత్రాల గదికి వెళితే అక్కడ మార్లా ఉంది.

ఆమె నన్ను చూసి పారిపోయేదే, కానీ బట్టలు యంత్రంలో తిరుగుతున్నాయి. మనిషి చిక్కిపోయింది. ఒళ్ళో నల్ల జాకెట్టు పెట్టుకుని, దాని మెడ దగ్గర గుండీ పైకి జరిపి కుడుతోంది. పక్కన లోపలిది కనపడే ప్లాస్టిక్ సంచిలో చిల్లర నాణేలు.

"హవాయిలో చలి బాగానే ఉందే" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మార్లా నవ్వలేదు. నేను ఆ నాణేల వైపు చెయ్యి చాపి, "నా యంత్రానికి చిల్లర తక్కువైంది, ఒకటిస్తావా?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఇవి బట్టలకి కాదు లెనోర్. లోపల నాణేలు వేస్తే తిండి ఇచ్చే యంత్రం ఉంటుంది. నోట్లు తీసుకెళ్ళనివ్వరు. సంచి ఇలా లోపలిది కనపడేలా ఉండాలి."

"ఎక్కడ లోపల?"

"జైల్లో. ఇక్కడికి ముప్పావుగంట. డారిన్ అందులో ఉన్నాడు."

నేను పక్కన కూర్చున్నాను. ఆమె దారం తెంపి మళ్ళీ సూదిలోకి ఎక్కిస్తూ చెప్పింది. డారిన్ అలాస్కా ఎప్పుడూ వెళ్ళలేదు. తుఫాను తర్వాత ఇళ్ళ కప్పులు వేసే ముఠాతో మిస్సోరీ వచ్చాడు. ఒక సాయంత్రం తాగి ట్రక్కు నడిపాడు. రోడ్డు దాటి పోస్టు డబ్బా దగ్గరికి వెళుతున్న ముసలాయన్ని గుద్దాడు. ఆయన అక్కడే పోయాడు.

"జూలై వారం ఇస్తే ఇక్కడ మూడు వారాలిస్తున్నారు. ఇండియానా నుంచి వారం వారం వచ్చిపోవడం రస్ నడుముతో కాదు. హోటల్లో దిగుదామంటే వంటిల్లు ఉండదు. ఇక్కడ ఉంటే శని, ఆదివారాలు రెండు రోజులూ వాణ్ణి చూడొచ్చు. ఖాకీ రంగు వేసుకోకూడదు, చేతుల్లేనివి వేసుకోకూడదు, మెడ దిగిందంటే గుమ్మంలోనే ఆపేస్తారు. నిన్న నన్ను అలాగే ఆపారు. రస్ ఒక్కడే వెళ్ళాడు."

"గ్లెండాకి చెప్పొచ్చుగా?"

"వాణ్ణి అది కన్నకొడుకులా చూసింది. ఆ ముసలాయన సంగతి దానికెలా చెప్పను? హవాయి అన్నాను, నోటికి అదొచ్చింది. ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను. నువ్వు చెప్పకు."

చెప్పనన్నాను.

ఏప్రిల్‌లో గ్లెండా నాకు ఫోన్ చేసింది. "లెనోర్, నా వారం కూడా మార్చెయ్. నేనూ హవాయి పోతాను. మార్లా ఏ బీచిలో పడుకుందో ఆ బీచిలోనే పడుకుంటాను. ఫోటో తీసి పంపిస్తాను, కుళ్ళుకోనీ."

"హవాయి దొరకడం కష్టం గ్లెండా. అక్కడివాళ్ళు వదలరు. ఏడాదిపైన కాచుకోవాలి."

"దానికెలా దొరికింది మరి? వరసగా రెండేళ్ళు?"

పళ్ళ డాక్టరు దగ్గర ఇన్నేళ్ళు చేశాను, డాక్టరుగారు లేరని అబద్ధం ఎన్నోసార్లు చెప్పాను, ఆ పూట మాత్రం ఒక్కటీ అల్లలేకపోయాను. "నీ చెల్లెల్ని అడుగు" అన్నాను.

"చస్తే అడగను."

ఆమె ఫోన్ పెట్టగానే నేను మార్లాకి చేశాను. "నీకిచ్చిన మాట మీద నిలబడ్డాను. కానీ మీ అక్క నా చేతే హవాయి వెతికిస్తోంది. నేనిలా నటించలేను. నువ్వే చెప్పు. ఈ వారంలోనే చెప్పు."

చెప్పింది. ఆ ఫోన్‌లో ఏం జరిగిందో తర్వాత ఇద్దరూ వేరువేరుగా నాకు చెప్పారు, రెండూ ఒకేలా ఉన్నాయి. మార్లా అంతా చెప్పుకొచ్చింది. చివర్లో, "అక్కా, ఉన్నావా?" అని మార్లా అడిగింది.

"ఉన్నాను. ఆ పోయినాయన పేరేంటి?"

"ఆల్విన్."

"భార్య ఉందా?"

"ఉంది."

"రెండేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశావు మార్లా" అని గ్లెండా ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత మార్లా చేసినా ఎత్తలేదు.

జూలైకి గ్లెండా సముద్రానికి వచ్చింది. నాతో ముభావంగా ఉంది. నాకు ఫిబ్రవరి నుంచే తెలుసని మార్లా చెప్పేసినట్టుంది. రోజూ పొద్దున్నే నీళ్ళలోకి దిగి దూరంగా ఈదుకుంటూ పోయేది. పక్క ఫ్లాటులో కొత్తవాళ్ళెవరో ఉన్నారు, వాళ్ళ వంక కూడా చూడలేదు. ఇక వెళ్ళిపోయే రోజు పెట్టె కారులో పెట్టుకుంటూ అడిగింది:

"వచ్చే ఏడాది నా వారం జమ చేస్తే ఆ కొండల్లో ఎన్ని వారాలిస్తారు?"

"చలికాలంలో అయితే మూడు. మన కంపెనీదే కాబట్టి బయటికి వెళ్ళక్కర్లేదు. మొదటి వారం ఈ నవంబరులోనే తీసుకోవచ్చు."

"అయితే చెయ్. మార్లా ఏ వారం ఉంటుందో అదే వారం. దానికి చెప్పకు. నా వంతు కదా ఇప్పుడు."

నవంబరులో గ్లెండా అలా చెప్పకుండా వెళ్ళి వాళ్ళ తలుపు కొట్టింది. తలుపు తీసింది రస్. నోట్లో రొట్టె ముక్కతో అలాగే నిలబడిపోయాడు. "వదినా!" అన్నాడు చివరికి. గ్లెండా అతన్ని పక్కకి తోసి లోపలికి వెళ్ళి, చెల్లెలిని చూసి, "హవాయిలో ఇల్లు ఇంత చీకటిగా ఉంటుందా? కర్టెన్లు తియ్యి" అంది. మార్లా ఏడుపు మొదలుపెడితే, "ముందు నన్ను తిట్టనీ, తర్వాత ఏడువు" అని కూర్చోబెట్టి అరగంట తిట్టిందట. రస్ లేచి చెరువు దగ్గరికి పోయాడు.

శనివారం ముగ్గురూ తయారయ్యారు. అప్పుడు తెలిసింది గ్లెండాకి, జైల్లోకి ఎవరు పడితే వాళ్ళు వెళ్ళలేరని. లోపల ఉన్నవాడు పేరిస్తేనే, దాన్ని వాళ్ళు ఒప్పుకుంటేనే రానిస్తారు. డారిన్ ఇచ్చిన పేర్లు రెండే, తల్లిదీ తండ్రిదీ.

"ఇవాళ వాడితో చెబుతాం, నీ పేరు కూడా ఇవ్వమని" అంది మార్లా.

వాళ్ళు సాయంత్రానికి తిరిగొచ్చారు. గ్లెండా మాంసం కూర, మొక్కజొన్న రొట్టె చేసి బల్ల మీద పెట్టి కూర్చుంది. ఎవరూ కంచం ముట్టుకోలేదు.

"ఇవ్వనన్నాడు వదినా" అన్నాడు రస్. "పెద్దమ్మ ఇక్కడికొచ్చి నన్నిలా చూడొద్దు అన్నాడు. సముద్రంలో చూసిన డారినే గుర్తుండాలట."

గ్లెండా కుర్చీ వెనక్కి జరిపింది. మార్లా అయితే అక్క సామాను సర్దుకుని పోతుందనే అనుకుంది. కానీ గ్లెండా లేచి అందరి కంచాల్లో కూర వడ్డించింది.

"రేపు మళ్ళీ వెళుతున్నారుగా? వాడితో ఇలా చెప్పండి. నిన్ను చూడ్డానికి కాదు, నిన్ను తిట్టడానికే మీ పెద్దమ్మ ఇంత దూరం వచ్చిందని. ఎనిమిది గంటలు కారు నడిపి తిట్టకుండా వెనక్కి పోవడం ఆమెకి చేతకాదని చెప్పండి. ఈ వారం కాకపోతే వచ్చే వారం. ఇంకా రెండు వారాలున్నాయి నా దగ్గర. వాడు ఎక్కడికీ పోడుగా."

ఆదివారం అద్దం అవతల కాదు, మామూలు బల్ల దగ్గరే ఎదురెదురుగా కూర్చుని రస్ ఆ మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పాడు. డారిన్ నవ్వాడట. ఆ లోపలికి వెళ్ళాక వాడు నవ్వడం అదే మొదటిసారి అని మార్లా నాకు చెప్పింది. నవ్వి, ముఖం చేతుల్లో దాచుకుని, "సరే, ఇస్తాను" అన్నాడు.

పేరు ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. గ్లెండా తన రెండో వారం మార్చిలో తీసుకుని వెళ్ళింది. తిరిగొచ్చాక నాకు ఫోన్ చేసింది.

"తిట్టావా?" అని అడిగాను.

"తిట్టకుండా ఊరుకుంటానా? గడ్డం చూసి మొదలుపెట్టాను. తర్వాత ఆల్విన్ గురించి అడిగాను. మా మార్లా కాలితో తన్నింది బల్ల కింద నుంచి, ఆపమని. వాడు మాత్రం చెప్పాడు. రోజూ కళ్ళకి కనపడుతుందన్నాడు, ఆయన చేతిలో ఉత్తరాలు రోడ్డు మీద చెదిరిపోవడం. నేను వాడికి ఏమీ పర్లేదని చెప్పలేదు లెనోర్. పర్లేదు కాదు కదా. యంత్రంలోంచి మాంసం రొట్టె కొనిపెట్టాను. పాడు రుచి. ఇద్దరం సగం సగం తిన్నాం."

ఆ తర్వాత గ్లెండా సముద్రానికి రాలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ జూలై వారాలు జమ చేసి, వాటి మీద వచ్చిన వారాలు పంచుకుని, ఒకరు లేనప్పుడు ఒకరు కొండల్లో ఉండేవాళ్ళు. దాంతో డారిన్‌కి రెండు నెలలకోసారైనా ఎవరో ఒకరు కనపడేవాళ్ళు. మూడో అంతస్తులో వాళ్ళ గురించి అందరూ నన్నే అడిగేవాళ్ళు. ఏం చెప్పమంటావని మార్లాని అడిగాను.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇంకో హవాయి మోసే ఓపిక లేదు నాకు."

చెప్పాను. మొదట్లో గుసగుసలాడుకున్నారు. ఇద్దరు ముగ్గురైతే గ్లెండా దగ్గర చిరునామా తీసుకుని డారిన్‌కి పుస్తకాలు పంపారు. ఒకావిడ మాత్రం ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆవిడ తమ్ముడు తాగి నడిపినవాడి కారు కింద పడే పోయాడు. ఆవిణ్ణి నేనేమీ అనలేదు.

రెండేళ్ళయ్యాక డారిన్‌ని ఆ జైలు నుంచి ఉత్తరంగా, అయోవా సరిహద్దు దగ్గరున్న ఇంకో జైలుకి మార్చారు. ఆ చుట్టుపక్కల మా కంపెనీ రిసార్టు ఒక్కటి కూడా లేదు. మార్లా ఫోన్‌లో, "ఇంక అయిపోయింది, ఆ పొలాల మధ్య ఎవరు కడతారు రిసార్టు?" అంది.

వెతికాను. సరిహద్దు దాటాక ఒక చెరువు పక్కన చిన్న రిసార్టు ఉంది, వేరే కంపెనీది. ఫ్లాట్లు తక్కువ, వాటిలో వారాలున్నవాళ్ళంతా ఆ చుట్టుపక్కల వాళ్ళే, మంచు మీద కన్నం చేసి చేపలు పట్టే రకం. వాళ్ళు తమ వారం బయటికి ఇవ్వడమే అరుదు. మా కంపెనీలో మార్చుకోవడం కాదిది. బయటి మార్పిడి కంపెనీకే వెళ్ళాలి. అక్కాచెల్లెళ్ళ జూలై వారాలు రెండూ వీలైనంత ముందుగా అక్కడ జమ చేయించాను. ఆ చెరువు రిసార్టులో ఏ నెల అయినా సరే, ఎవరు వదిలితే అది మాకు పట్టి ఉంచమని కోరిక పెట్టాను.

వేసవి గడిచింది, ఏమీ రాలేదు. ఈలోగా మార్లా, రస్ రెండుసార్లు హోటల్లో దిగి చూసొచ్చారు. రెండోసారి రస్ నడుము పట్టేసి అక్కడే పడిపోయాడు. గ్లెండా నాకు ఫోన్ చేసి, "మరీ అంత పట్టుదలగా ఉన్నారేంటి ఆ చెరువు రిసార్టు వాళ్ళు? ఒక్కళ్ళైనా చావరా, ఒక్కళ్ళైనా విడిపోరా?" అని విసుక్కుంది. "ఊరికే అన్నాలే" అని మళ్ళీ తనే అంది.

డిసెంబరులో ఒక పొద్దున కబురొచ్చింది. ఎవరో జనవరి వారం ఒకటి వదులుకున్నారు. రెండు పడకగదులు, వంటిల్లు. ఒప్పుకుంటారా అని అడుగుతున్నారు, సాయంత్రంలోగా చెప్పాలి. మార్లా ఫోన్ ఎత్తలేదు. గ్లెండా దుకాణానికి చేశాను. ఎవరో పెళ్ళికూతురు కొలతల కోసం బల్ల మీద నిలబడి ఉందట, గ్లెండా నోట్లో గుండుసూదులు.

"ఒప్పుకున్నామని చెప్పు" అంది పళ్ళ సందులోంచి.

"మార్లాని అడగొద్దా?"

"నేను అడుగుతాలే. నువ్వు ముందు పట్టుకో."

జనవరిలో ముగ్గురూ వెళ్ళారు. మంచు మోకాళ్ళదాకా పడింది, శనివారం రోడ్డు మూసేశారు, జైలుకి వెళ్ళలేకపోయారు. మర్నాడు ఆదివారం దారి తెరిచారు. వెళ్ళారు. డారిన్ గడ్డం తీసేసి ఉన్నాడు. అక్కడి వంటింట్లో పనిలో పెట్టారట, పెద్దమ్మకి మొక్కజొన్న రొట్టె ఎలా చెయ్యాలో చెప్పబోయాడు. గ్లెండా అదొక్కటి మాత్రం సహించలేదు.

రాత్రి నాకు ఫోన్ చేసినప్పుడు వెనకాల మార్లా, రస్ ఏదో వాదించుకుంటున్నారు. "ఇక్కడి కత్తులు వెన్న కూడా కొయ్యవు లెనోర్" అంది గ్లెండా. "అన్నట్టు, మార్చిలో ఎవరైనా వదులుతారేమో చూస్తూ ఉండు."

చూస్తున్నాను.